అరాపహో రోడ్డు మీద అరాపహోలు ఎందుకు లేరు?

డెన్వర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ఈ పేరు రోజూ కళ్ళముందు ఉండేదే. అరోరాలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళలో చాలామంది ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేది అరాపహో కౌంటీకి, సెంటెనియల్‌లో ఆఫీసుకి వెళ్ళాలంటే ఎక్కేది అరాపహో రోడ్డు, చలికాలం వస్తే మంచులో ఆడుకోడానికి పోయేది అరాపహో బేసిన్‌కి, డౌన్‌టౌన్‌లో ఒక వీధి పేరు అరాపహో స్ట్రీట్. బౌల్డర్ వైపు వెళ్తే నైవాట్ అని చిన్న ఊరు తగుల్తుంది, అది కూడా అరాపహో అనే ఇక్కడి ఆదివాసీ తెగ నాయకుడి పేరే. ఇన్ని బోర్డుల మీద పేరుంది కదా, మరి ఆ మనుషులేరీ అని వెతికితే కొలరాడో రాష్ట్రంలో అరాపహోలకి రిజర్వేషనే లేదు, రిజర్వేషన్ అంటే ఇక్కడ ఒక తెగకి కేటాయించిన నేల. ఉన్న రెండు రిజర్వేషన్లూ యూట్ తెగవాళ్ళవి.

అరాపహోలు ఇప్పుడు రెండు చోట్ల ఉన్నారు. ఉత్తరాన వయోమింగ్‌లో విండ్ రివర్ రిజర్వేషన్ మీద ఉండేవాళ్ళని నార్తర్న్ అరాపహో అంటారు, సభ్యులుగా నమోదైనవాళ్ళు పదివేలకి పైనే. దక్షిణాన ఓక్లహోమా పడమటి భాగంలో ఉండేవాళ్ళు సదర్న్ అరాపహో, వాళ్ళు షయాన్ తెగతో కలిసి ఒకే ప్రభుత్వం కింద ఉంటారు, దాని పేరు కూడా షయాన్ అండ్ అరాపహో ట్రైబ్స్ అనే జంటపేరే. విచిత్రం ఏంటంటే దక్షిణం వాళ్ళు తరతరాల మిత్రులతో కలిసున్నారు, ఉత్తరం వాళ్ళేమో ఒకప్పుడు యుద్ధాలు చేసుకున్న షోషోనీలతో ఒకే నేల పంచుకుని ఉన్నారు, నేల ఒకటే, ప్రభుత్వాలు రెండు. ఒకే జాతి ఇలా రెండు ముక్కలై, అందులో ఒక ముక్క శత్రువుల ఇంట్లో ఎలా వచ్చి పడింది, సొంత ఊళ్ళలో మాత్రం పేరొక్కటే ఎలా మిగిలింది, ఇదంతా ఒకదానికొకటి చుట్టుకున్న కథ, నెమ్మదిగా విప్పాలి.

ముందు పేరు సంగతి. అరాపహో అనేది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. వాళ్ళ భాషలో అసలు ర శబ్దం లేదు, ప శబ్దమూ లేదు, కాబట్టి ఆ మాట వాళ్ళ భాషలోదయ్యే అవకాశమే లేదు. పక్క తెగలెవరో పిలిచిన పిలుపు తెల్లవాళ్ళ నోట్లో ఇలా స్థిరపడింది, క్రో తెగ భాషలో పచ్చబొట్లు ఎక్కువున్నవాళ్ళు అనే మాట నుంచి వచ్చిందని కొందరు, పానీ తెగ భాషలో వ్యాపారి అనే మాట నుంచి వచ్చిందని కొందరు అంటారు. తమని తాము వాళ్ళు పిలుచుకునేది హినోనోఎఇనో అని. నీలాకాశపు జనం అనే పేరు కూడా ఉంది.

వాళ్ళు మొదట్నించీ గుర్రాలెక్కి అడవిదున్నల్ని వేటాడే జనం అనుకుంటాం గానీ అది కూడా నిజం కాదు. వాళ్ళ భాష ఆల్గాంక్వియన్ కుటుంబానికి చెందింది, ఆ కుటుంబం ఎక్కువగా గ్రేట్ లేక్స్ చుట్టూ, తూర్పు తీరం వైపు ఉండేది. అరాపహోల పెద్దలు చెప్పుకునే కథల్లో కూడా తూర్పున పెద్ద నీళ్ళ దగ్గర ఉన్నామని, పంటలు పండించామని ఉంటుంది. అక్కణ్ణుంచి మెల్లగా పడమటికి జరిగి, 1700ల్లో గుర్రాలు చేతికొచ్చాక మైదానాల జనంగా మారారు. దారిలో ఒక పాయ విడిపోయి ఇంకా ఉత్తరానికి వెళ్ళింది, వాళ్ళు ఇప్పుడు మోంటానాలో ఉండే ఆఆనిన్ తెగ, రెండు భాషలూ చాలా దగ్గరగా ఉంటాయి.

వాళ్ళ సమాజంలో నాకు బాగా నచ్చింది వయసుని బట్టి నడిచే ఏర్పాటు. ఒక ఈడు కుర్రాళ్ళంతా ఒక సంఘం, వయసు పెరిగేకొద్దీ ఆ బ్యాచ్ బ్యాచ్ అంతా కలిసి పై మెట్టు ఎక్కుతారు, ఒక్కో మెట్టుకి ఒక్కో బాధ్యత, ఒక్కో దీక్ష, చివరికి అన్నీ దాటిన పెద్దవాళ్ళ దగ్గర పవిత్రమైన విషయాల జ్ఞానం ఉంటుంది, నిర్ణయాల్లో వాళ్ళ మాటకే బరువు. ఈ అలవాటు ఎందుకు చెప్తున్నానంటే తర్వాత వందేళ్ళలో అన్ని దెబ్బలు తిని కూడా వాళ్ళు చెల్లాచెదురు కాకుండా నిలబడ్డారంటే పెద్దల మాట చుట్టూ కట్టుకున్న ఈ అల్లిక చాలా పనిచేసింది. వాళ్ళకి అన్నిటికంటే పవిత్రమైన ఫ్లాట్ పైప్ అనే పొగగొట్టం ఇప్పటికీ విండ్ రివర్‌లో ఒక కుటుంబం సంరక్షణలోనే ఉంటుంది.

ఇప్పుడు భూమి దగ్గరికి వద్దాం. 1851లో ఫోర్ట్ లారమీ దగ్గర అమెరికా ప్రభుత్వం మైదానాల్లోని చాలా తెగలతో ఒక పెద్ద ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం ఉత్తరాన నార్త్ ప్లాట్ నది, దక్షిణాన ఆర్కన్సా నది, పడమర రాకీ పర్వతాలు, ఈ మధ్య ఉన్న నేల అంతా షయాన్లది, అరాపహోలది. ఇప్పుడు డెన్వర్, బౌల్డర్, ఫోర్ట్ కాలిన్స్, కొలరాడో స్ప్రింగ్స్ అన్నీ ఉన్నది ఆ నేల మీదే. బదులుగా వాళ్ళ నేల మీదుగా పడమటికి పోయే బళ్ళని అడ్డుకోకూడదు, దానికి ఏడాదికి ఇంత అని 50 ఏళ్ళ పాటు సరుకులిస్తాం అన్నారు. సంతకాలయ్యాక కాయితం వాషింగ్టన్ వెళ్ళింది, అక్కడ సెనేట్ ఆ 50 ఏళ్ళని 10 ఏళ్ళకి కుదించేసింది. అవతలివాళ్ళు ఒప్పుకున్న మాటని ఇవతలివాళ్ళు ఇంటికెళ్ళి మార్చుకోవడం అన్నమాట, తర్వాత జరిగినవన్నీ ఇదే పద్ధతిలో జరిగాయి.

1858లో చెర్రీ క్రీక్, సౌత్ ప్లాట్ నది కలిసే చోటు దగ్గర్లో బంగారం కనబడింది. అది అరాపహోలు చలికాలం గుడారాలు వేసుకునే చోటు. అదే ఏడాది నవంబర్‌లో డెన్వర్ అని ఊరు కట్టడం మొదలెట్టారు, 1859లో లక్షమంది దాకా బంగారం కోసం బయల్దేరారు. మొదట్లో గొడవల్లేవు. లిటిల్ రేవెన్ అనే అరాపహో నాయకుడు వచ్చినవాళ్ళతో స్నేహంగా ఉన్నాడు, బంగారం తవ్వుకుని వెళ్ళిపోతారులే అనుకున్నాడు. ఇంకో నాయకుడు నైవాట్, ఆ మాటకి ఎడమచెయ్యి అని అర్థం, ఆయన ఇంగ్లీషు బాగా మాట్లాడేవాడు, బౌల్డర్ లోయలోకి వచ్చిన తవ్వకందార్లతో నేరుగా వాళ్ళ భాషలోనే మాట్లాడి శాంతిగా సర్దుకునేలా చూశాడు. వచ్చినవాళ్ళు వెళ్ళలేదు. దున్నలు పారిపోయాయి, చెట్లు కొట్టేశారు, గడ్డి వాళ్ళ ఎడ్లు మేసేశాయి, జబ్బులు అంటుకున్నాయి. 1861లో ఫోర్ట్ వైజ్ ఒప్పందం అని ఇంకోటి తెచ్చి కొద్దిమంది నాయకుల చేత సంతకం పెట్టించారు, దాంతో 1851లో ఒప్పుకున్న నేలలో పదమూడో వంతు కంటే తక్కువ మిగిలింది. మిగతా బృందాలు మేమెవరం సంతకం పెట్టలేదు కదా, ఆ నలుగురికి మా అందరి నేల రాసిచ్చే హక్కు ఎక్కడిది అన్నారు. ప్రభుత్వం వినలేదు.

1864 నవంబర్ 29. శాండ్ క్రీక్. ఇది చెప్పడానికి చెయ్యి రాదు కానీ చెప్పకుండా అరాపహోల గురించి మాట్లాడలేం.

ఆ ఏడాది వేసవిలో మైదానాల్లో దాడులూ ప్రతిదాడులూ పెరిగాయి. కొలరాడో టెరిటరీ గవర్నర్ జాన్ ఎవన్స్ స్నేహంగా ఉండేవాళ్ళు ఫలానా కోటల దగ్గరికి వచ్చేయండి అని ముందు చెప్పాడు, ఆగస్టులో శత్రువుగా ఉన్న ఆదివాసీల్ని ఎవరైనా వెంటాడి చంపొచ్చు అని పౌరులకి ప్రకటన ఇచ్చాడు. సెప్టెంబర్‌లో షయాన్, అరాపహో నాయకులు డెన్వర్ వచ్చి క్యాంప్ వెల్డ్‌లో ఎవన్స్‌తోనే కూర్చుని శాంతి అడిగారు. సైన్యం చెప్పినట్టు ఫోర్ట్ లయన్ వైపు వెళ్ళి శాండ్ క్రీక్ వాగు ఒడ్డున గుడారాలు వేసుకున్నారు, ఎక్కువమంది షయాన్లు, వాళ్ళ పక్కన నైవాట్ తాలూకు చిన్న అరాపహో బృందం. షయాన్ నాయకుడు బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా ఎగరేశాడు. తెల్లారుజామున కల్నల్ జాన్ షివింగ్టన్ 675 మంది సైనికులతో వచ్చి పడ్డాడు. దాదాపు 230 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. నైవాట్‌కి అక్కడ తగిలిన గాయాలే ప్రాణం తీశాయి. ఇంగ్లీషు నేర్చుకుని, వచ్చినవాళ్ళతో మాట్లాడి, పదేపదే శాంతి అన్న మనిషి ఆయన, ఇవాళ ఆ పేరుతో ఒక ఊరుంది, కొండ ఉంది, ఆయన మనుషులు మాత్రం అక్కడ లేరు.

సైలస్ సోల్ అని ఒక కెప్టెన్ ఆ రోజు తన దళానికి కాల్పులు జరపొద్దని చెప్పి పక్కకి నిలబడ్డాడు. తర్వాత కళ్ళారా చూసిందంతా ఉత్తరాల్లో రాశాడు, విచారణలో సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్‌లో డెన్వర్ వీధిలో ఆయన్ని కాల్చి చంపేశారు. కాంగ్రెస్ కమిటీ షివింగ్టన్‌ని తీవ్రంగా తప్పుపట్టింది, శిక్ష ఎవరికీ పడలేదు. 1865 అక్టోబర్‌లో లిటిల్ ఆర్కన్సా ఒప్పందంలో ప్రభుత్వమే ఇది ఘోరమని రాసి, బతికినవాళ్ళకి, అనాథలకి పరిహారం ఇస్తామని ఒప్పుకుంది. ఆ పరిహారం ఇవ్వలేదు.

రెండు ముక్కలవడం ఇక్కడే గట్టిపడింది. అంతకు ముందు కూడా ఉత్తరాన తిరిగే బృందాలు, దక్షిణాన తిరిగే బృందాలు అని ఉండేవి గానీ రాకపోకలు, పెళ్ళిళ్ళు, పండగలు కలిసే ఉండేవి. శాండ్ క్రీక్ తర్వాత మధ్యలో ఉన్న కొలరాడో వాళ్ళకి నిలబడే చోటు కాకుండా పోయింది. దక్షిణం వాళ్ళు 1867లో మెడిసిన్ లాడ్జ్ ఒప్పందం మీద ఇప్పటి ఓక్లహోమా వైపు వెళ్ళారు, 1869లో అధ్యక్షుడి ఉత్తర్వుతో అక్కడ షయాన్లతో కలిపి రిజర్వేషన్ ఇచ్చారు.

ఉత్తరం వాళ్ళకి చాలాకాలం సొంత నేలే లేదు. ఫ్రైడే అని ఒక నాయకుడు ఉండేవాడు. చిన్నప్పుడు 1831లో తనవాళ్ళ నుంచి తప్పిపోతే థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే వ్యాపారి చూసి చేరదీశాడు, సెయింట్ లూయిస్‌లో చదివించాడు, కొన్నేళ్ళకి సొంతవాళ్ళు గుర్తుపట్టి తీసుకెళ్ళారు. ఆయన, ఆయన బృందం 1860ల చివరిదాకా ఇప్పటి ఫోర్ట్ కాలిన్స్ దగ్గర పూడర్ నది ఒడ్డునే ఉండి, మాకు ఇక్కడే కొంచెం చోటివ్వండి అని అడుగుతూనే ఉన్నారు. ఇవ్వలేదు. కొలరాడోలో ఉండిపోతామని అడిగిన ఆఖరి అరాపహోలు దాదాపు వాళ్ళే. ఈలోగా ఉత్తరాన కూడా దాడులు తప్పలేదు, 1865లో టంగ్ నది దగ్గర జనరల్ కానర్ సైన్యం బ్లాక్ బేర్ అనే నాయకుడి గ్రామం మీద పడింది, 1874లో బేట్స్ అనే కెప్టెన్ ఇంకో గ్రామం మీద దాడి చేశాడు, ఆ దాడిలో సైన్యానికి తోడు వచ్చింది షోషోనీలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నాలుగేళ్ళకే దీనికి లింకు వస్తుంది.

1876 నాటికి నార్తర్న్ అరాపహోలు మిగిలింది వెయ్యి లోపే. వాళ్ళ పెద్దలు చాలా ఆలోచించి, చాలామందికి మింగుడుపడని ఒక దారి ఎంచుకున్నారు, సైన్యానికి స్కౌట్లుగా, అంటే ముందు వెళ్ళి దారీ శత్రువుల జాడా చూసిపెట్టేవాళ్ళుగా పనిచెయ్యడం. బయటినుంచి చూసి దాన్ని లొంగుబాటు అనేవాళ్ళున్నారు, నాకైతే అలా అనిపించదు. ఆ పనితో వాళ్ళకి సైన్యంలో మాట సాయం చేసే అధికారులు దొరికారు, ఓక్లహోమాకి తోలేస్తారేమో అన్న భయం నుంచి బయటపడే దారి దొరికింది. 1877లో బ్లాక్ కోల్, షార్ప్ నోజ్ అనే నాయకులు, దుబాసీగా ఫ్రైడే, వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు హేస్‌ని కలిసి మమ్మల్ని వయోమింగ్‌లోనే ఉండనివ్వండి అని అడిగారు. 1878 మార్చిలో సైన్యం వాళ్ళని తీసుకొచ్చి షోషోనీల రిజర్వేషన్ మీద దింపింది. అవును, ఆ షోషోనీల దగ్గరే. తాత్కాలికమే అన్నారు. 1868 ఒప్పందం ప్రకారం ఆ నేల షోషోనీలది, వాళ్ళని అడిగి వాళ్ళ పూర్తి సమ్మతితో చేసింది కాదిది. తాత్కాలికం కాస్తా శాశ్వతమైపోయింది. షోషోనీలు కోర్టుకెళ్ళారు, అరవై ఏళ్ళకి 1938లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, సగం నేల అరాపహోలకి ఇచ్చినందుకు షోషోనీలకి 44 లక్షల డాలర్లకి పైగా పరిహారం ఇవ్వమంది. అప్పట్నుంచి చట్టప్రకారం రెండు తెగలూ సమాన హక్కుదార్లు, గీత గీసి నీది ఇటు నాది అటు అన్నట్టు కాకుండా మొత్తం నేలలో చెరి సగం హక్కు. అన్నదమ్ములు పంచుకోని ఉమ్మడి ఆస్తి ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా, అందులో ఆ ఇద్దరూ అన్నదమ్ములు కూడా కాకపోతే ఎలా ఉంటుందో ఊహించండి. 2014లో అప్పటిదాకా ఉన్న ఉమ్మడి కౌన్సిల్ నుంచి నార్తర్న్ అరాపహోలు బయటికొచ్చేశారు.

నేల కరిగిపోవడం రిజర్వేషన్లు ఇచ్చాక కూడా ఆగలేదు. 1887లో డాస్ చట్టం వచ్చింది, ఉమ్మడి నేలని మనిషికింత అని కోసి పంచి, మిగిలింది బయటివాళ్ళకి తెరిచెయ్యడం దాని పని. ఓక్లహోమాలో ఒక్కో మనిషికి 160 ఎకరాలు ఇచ్చి, 1892 ఏప్రిల్ 19న మధ్యాహ్నం తుపాకీ పేల్చగానే సరిహద్దు నుంచి వేలమంది గుర్రాల మీదా బళ్ళ మీదా దూసుకొచ్చి దాదాపు 35 లక్షల ఎకరాలు తెరిచిన నేలలో నచ్చింది పట్టుకున్నారు. ఇవాళ అక్కడి తెగల భూమి ఒక గడి ఇక్కడ ఒక గడి అక్కడ అన్నట్టు చదరంగం బోర్డులా ఉంటుంది. విండ్ రివర్‌లో 1905లో ఒక చట్టం తెచ్చి దాదాపు 15 లక్షల ఎకరాలు బయటివాళ్ళకి తెరిచారు, 1906లో రివర్టన్ ఊరు అలా పుట్టింది. ఆ ఊరు రిజర్వేషన్ లోపలా బయటా అనేది వందేళ్ళు నలిగింది. 2013లో పర్యావరణ శాఖ లోపలే అంది, 2017లో ఫెడరల్ అప్పీల్ కోర్టు 1905 చట్టంతోనే బయటికి పోయింది అంది, 2018లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. ఇది ఊరికే కాయితాల గొడవ కాదు, ఆ గీత ఎక్కడుందన్న దాన్ని బట్టే ఆ ఊళ్ళో ఒక అరాపహో మనిషి మీద కేసు పడితే ఏ పోలీసు పట్టుకోవాలి, ఏ కోర్టు విచారించాలి అనేది తేలుతుంది.

నీళ్ళ కేసు ఇంకా పెద్దది. 1977లో మొదలై 2014లో ముగిసింది, 37 ఏళ్ళు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో నీటి హక్కు ఎవరు ముందొస్తే వాళ్ళది, తేదీ ఎంత పాతదైతే అంత బలం. రిజర్వేషన్ పుట్టింది 1868లో కాబట్టి తెగల హక్కుకి అదే తేదీ అని, ఏడాదికి దాదాపు 5 లక్షల ఎకర అడుగుల (ఎకర అడుగంటే ఎకరం నేల మీద అడుగు ఎత్తున నిలిచే నీళ్ళు) నీళ్ళు వాళ్ళవని కోర్టులు తేల్చాయి, 1989లో సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడంతో కింది తీర్పే నిలబడింది. ఇంత పెద్ద గెలుపు. తెగలవాళ్ళు సరే అని అందులో కొన్ని నీళ్ళు నదిలోనే వదిలేస్తాం, చేపలు బతకాలి, ఏరు ఏరులా పారాలి అన్నారు. 1992లో వయోమింగ్ సుప్రీంకోర్టు కుదరదంది, ఆ నీళ్ళు సాగు కోసం లెక్కగట్టి ఇచ్చినవి, నదిలో వదలాలంటే రాష్ట్రం పద్ధతి ప్రకారమే అంది. మన కృష్ణా, తుంగభద్ర పంచాయితీలు చదివి పెరిగినవాళ్ళకి ఈ కేటాయింపులు, టీఎంసీల లెక్కలు కొత్త కాదు గానీ, నా వాటా నీళ్ళు నదిలోనే ఉండనివ్వు అని అడిగితే కూడా ఒప్పుకోకపోవడం నేను మొదటిసారి విన్నాను.

పిల్లల దగ్గరికి వస్తే మాటలు ఆగిపోతాయి. పెన్సిల్వేనియాలో కార్లైల్ అని 1879లో ఒక బోర్డింగ్ స్కూల్ పెట్టారు, ఆదివాసీ పిల్లల్ని తీసుకొచ్చి జుట్టు కత్తిరించి భాష మాన్పించి పేర్లు మార్చే చోటు. 1881 మార్చిలో విండ్ రివర్ నుంచి లిటిల్ చీఫ్, హార్స్, లిటిల్ ప్లూమ్ అనే ముగ్గురు అబ్బాయిలు వెళ్ళారు. లిటిల్ చీఫ్ షార్ప్ నోజ్ కొడుకు, పధ్నాలుగేళ్ళు. హార్స్‌కి పదకొండు. లిటిల్ ప్లూమ్‌కి తొమ్మిది. అక్కడ వాళ్ళకి డికెన్స్ నార్, హోరేస్ వాషింగ్టన్, హేస్ వాండర్‌బిల్ట్ ఫ్రైడే అని పేర్లు పెట్టారు. ముగ్గురూ తిరిగి రాలేదు, వెళ్ళిన కొద్దికాలానికే అక్కడే చనిపోయి అక్కడే పూడ్చబడ్డారు. నార్తర్న్ అరాపహోలు ఏళ్ళ తరబడి సైన్యాన్ని అడిగి అడిగి 2017 ఆగస్టులో సమాధులు తవ్వించారు. లిటిల్ చీఫ్, హార్స్ దొరికారు. లిటిల్ ప్లూమ్ పేరున్న సమాధిలో మాత్రం వేరేవాళ్ళ ఎముకలున్నాయి, అదీ ఇద్దరివి. మళ్ళీ ఏడాది ఆగి 2018 జూన్‌లో ఇంకో సమాధిలో ఆ తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి గుర్తించి ఇంటికి తెచ్చుకున్నారు. 137 ఏళ్ళకి.

ఆ స్కూళ్ళ దెబ్బ ఇప్పటికీ తగుల్తున్నది భాష మీద. భాష మాట్లాడితే దండన అని నేర్చుకున్న పిల్లలు పెద్దయ్యి తమ పిల్లలకి ఆ దండన వద్దని ఇంగ్లీషే నేర్పారు. ఓక్లహోమాలో అరాపహో భాష ధారాళంగా మాట్లాడేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. విండ్ రివర్‌లో ఉన్నారు గానీ కొద్దిమంది, దాదాపు అందరూ వయసు మళ్ళినవాళ్ళే. పోతున్నది ఎలాంటి భాషో కొంచెం చెప్తాను. మనం ఒక వాక్యంలో చెప్పేదంతా వాళ్ళ క్రియ ఒక్కటే మోస్తుంది, ఎవరు ఎవరికి ఎలా ఎప్పుడు చేశారో అన్నీ ఆ ఒక్క మాటలో ఇముడుతాయి. మ శబ్దం లేదు, అంటే మన అమ్మ, మామ వాళ్ళ నోట పలకవు. చుట్టరికం మాటలు ఊరికే విడిగా ఉండవు, ఎవరి అమ్మో చెప్పకుండా అమ్మ అనడం కుదరదు, నెఇనో అంటే మా అమ్మ, తీసి చూస్తే ఆ మా అనేది మాటలోనే అతుక్కుని ఉంది. తెల్లవాళ్ళని పిలిచే మాట, సాలెపురుగుని పిలిచే మాట ఒకటే, వాళ్ళ కథల్లో మాయలు చేసే పాత్రకి కూడా అదే పేరు.

1914లో జరిగిన ఒక సంగతి ఉంది, భాషకీ నేలకీ ఉన్న ముడి దాంట్లో కనిపిస్తుంది. ఎస్టెస్ పార్క్ దగ్గర రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ పెట్టే ప్రయత్నంలో ఉన్న కొలరాడో మౌంటెన్ క్లబ్ వాళ్ళు విండ్ రివర్ నుంచి 73 ఏళ్ళ గన్ గ్రిస్‌వోల్డ్, 63 ఏళ్ళ షెర్మన్ సేజ్ అనే ఇద్దరు పెద్దల్ని, దుబాసీగా టామ్ క్రిస్పిన్‌ని పిలిపించారు. గుర్రాల మీద రెండు వారాలు తిప్పి ఈ కొండని ఏమంటారు, ఈ లోయని ఏమంటారు అని అడిగి రాసుకున్నారు. ఆ పెద్దలు దశాబ్దాల క్రితం వదిలేసిన చోట్లు, ఇక్కడ ఫలానా తెగతో పోరాడాం, ఈ దారిలో కుక్కలతో సామాను లాగించేవాళ్ళు, ఈ కొండ మీద గద్దల్ని పట్టేవాళ్ళు అని చూపిస్తూ పోయారు. ఇవాళ నెవర్ సమ్మర్ మౌంటెన్స్ అనే పేరు, కావునీచీ లోయ పేరు అక్కణ్ణుంచి వచ్చినవే, కావునీచీ అంటే నక్కజాతి కయోటీ. ఎస్టెస్ పార్క్ మనవాళ్ళు వారాంతంలో తప్పకుండా వెళ్ళే చోటు కాబట్టి ఈసారి ఆ బోర్డులు చూసినప్పుడు ఆ ఇద్దరు ముసలివాళ్ళు గుర్తొస్తారని చెప్తున్నాను.

భాషని నిలబెట్టడానికి చేస్తున్న పని చిన్నదేం కాదు. 1994లో డిస్నీ వాళ్ళ అనుమతితో బాంబీ సినిమాని అరాపహోలోకి డబ్ చేశారు, పిల్లలు ఇంట్లో టీవీలో ఆ భాష వినాలని. 2008లో పిల్లల్ని పూర్తిగా అరాపహోలోనే ఉంచి నేర్పే బడి పెట్టారు, ఇంగ్లీషు లోపలికి రానివ్వకుండా పెద్దవాళ్ళూ టీచర్లూ కలిసి నడిపేది. ఇక్కడ మన పిల్లల్ని ఆదివారం తెలుగు క్లాసుకి తీసుకెళ్తూ నేను ఎప్పుడూ దీని గురించే ఆలోచిస్తాను. మన పిల్లలు మర్చిపోయినా అక్కడ ఎనిమిది కోట్ల మంది మాట్లాడుతూనే ఉంటారు, వేసవి సెలవల్లో అమ్మమ్మ ఊరు తీసుకెళ్తే మళ్ళీ వస్తుంది. అరాపహో పిల్లలకి అలాంటి ఇంకో ఊరు ఎక్కడా లేదు, ఆ బడి, ఆ నలుగురు పెద్దలే.

భవిష్యత్తు అంటే భాష తర్వాత నాకు ముఖ్యంగా కనిపించేది సభ్యత్వం నియమం. రెండు చోట్లా కనీసం నాలుగో వంతు రక్తం ఉంటేనే తెగ సభ్యులు. బయటివాళ్ళని పెళ్ళి చేసుకునే కొద్దీ ఈ లెక్క ప్రకారం మనవలూ మునిమనవలూ జాబితా నుంచి జారిపోతారు, ఇంట్లో అదే తిండి తిని అదే దీక్షలు చేసినా సరే. మార్చాలంటే ఉన్న కొద్ది ఆదాయం, భూమి ఎక్కువమందికి పంచాలి. దీనికి తేలిక సమాధానం లేదు, అది వాళ్ళే తేల్చుకోవాల్సిన విషయం.

డబ్బు వైపు చూస్తే చమురు, గ్యాస్ రాయల్టీ ఉంది, కెసీనోలు ఉన్నాయి, వాటితో ఉద్యోగాలు వచ్చాయి, తెగ సొంతంగా సేవలు నడుపుకునే శక్తి కొంత వచ్చింది. మరోవైపు రివర్టన్ పక్కన 1958 నుంచి 1963 వరకు నడిచిన యురేనియం మిల్లు వదిలిన కలుషితం ఇప్పటికీ భూగర్భజలాల్లో ఉంది, చుట్టూ ఉన్న ఇళ్ళు అరాపహోలవే. 2019లో నార్తర్న్ అరాపహోలు తమ నేల మీదికి అడవిదున్నల చిన్న మందని వదిలారు, షోషోనీలు 2016లోనే మొదలెట్టారు. ఒకప్పుడు కొట్టుకున్న రెండు తెగలూ ఇప్పుడు దున్నల విషయంలో ఒకే దారిలో నడుస్తుంటే చూడ్డానికి మనసుకి బాగుంటుంది.

కొలరాడో కూడా కొంచెం కొంచెం కదులుతోంది. ఎవన్స్ 1864లో ఇచ్చిన ఆ ప్రకటన 157 ఏళ్ళు రద్దు కాకుండా పడుంది, 2021 ఆగస్టులో గవర్నర్ జారెడ్ పోలిస్ రద్దు చేశాడు. అదే ఏడాది ఒక చట్టం తెచ్చారు, కొలరాడోతో చారిత్రక సంబంధం ఉన్న తెగల పిల్లలు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నా ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో స్థానికుల ఫీజే కట్టొచ్చు. ఫీజుల తేడా ఎంతో మనకి బాగా తెలుసు కాబట్టి ఇది ఉత్తుత్తి గౌరవం కాదని అర్థమవుతుంది. 2022లో శాండ్ క్రీక్ స్మారక స్థలానికి ఇంకో 3,478 ఎకరాలు కలిపారు. 2023 సెప్టెంబర్‌లో డెన్వర్ నుంచి కనిపించే మౌంట్ ఎవన్స్ శిఖరం పేరు మార్చి మౌంట్ బ్లూ స్కై అన్నారు. సెంటెనియల్‌లో ఉన్న అరాపహో హైస్కూల్ కథ ఇంకోటి, వాళ్ళు 1993లో విండ్ రివర్ పెద్దల దగ్గరికెళ్ళి మీ పేరు వాడుకోవచ్చా అని అడిగి ఒప్పందం చేసుకున్నారు, లోగో అరాపహో కళాకారుడు గీశాడు, జిమ్ నేల మీద ఆ బొమ్మని తొక్కకూడదు అని వేయరు. పేరు వాడుకునే ముందు అడగడం అనే ఈ మామూలు మర్యాద 1858లో ఎవరికీ తట్టలేదు.

ఏటా నవంబర్ చివర్లో షయాన్, అరాపహో కుర్రాళ్ళు, పెద్దవాళ్ళు వయోమింగ్, మోంటానా, ఓక్లహోమాల నుంచి వచ్చి శాండ్ క్రీక్ దగ్గర కలుసుకుంటారు. అక్కణ్ణుంచి పరుగు మొదలెట్టి ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని డెన్వర్ దాకా వస్తారు, 1999 నుంచీ ఇది జరుగుతోంది. ఆఖరి రోజు పొద్దున్నే శ్మశానానికి వెళ్ళి సైలస్ సోల్ సమాధి దగ్గర నిలబడి పాట పాడతారు. తర్వాత డౌన్‌టౌన్‌లోకి వచ్చి ఆయన పేరున్న ఫలకం దగ్గర ఆగుతారు, అది ఉన్నది 15వ వీధీ అరాపహో స్ట్రీట్ కలిసే మూల మీద. కాసేపు అక్కడ పెద్దలు మాట్లాడతారు, ఆఫీసులకెళ్ళేవాళ్ళు పక్కనించి పోతుంటారు, అంతా అయ్యాక మళ్ళీ అందరూ కలిసి క్యాపిటల్ అనే రాష్ట్ర శాసనసభ భవనం మెట్ల వైపు నడుచుకుంటూ వెళ్తారు.